సుద్దముక్కతో సునీతుడు





ఈసారి పాఠానికి పుస్తకం ఒక్కటే సరిపోదు. ఒక నల్లబల్ల, నాలుగు సుద్దముక్కలు, ఒక తడిగుడ్డ కూడా దగ్గర పెట్టుకోండి. మీ భీమ్ హాల్లో పిల్లల ట్యూషన్ కోసం బోర్డు ఉండే ఉంటుంది. లేకపోతే నల్లరంగు వేసిన పాత తలుపు చెక్క అయినా పనికొస్తుంది.

బొమ్మ ఎందుకు అంటారా? మన తరగతుల్లో బాబాసాహెబ్ పుస్తకం పైకి చదువుతాం. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళం తల ఊపుతాం. అయ్యాక సాధు, సాధు అనుకుని చాయ్ తాగి ఇళ్ళకు పోతాం. నేనూ అంతే, ఏళ్ళ తరబడి తల ఊపినవాణ్ణే. కానీ అదే కథను బోర్డు మీద గీయమంటే ఆ ఊపుడు కుదరదు. అతని చెయ్యి ఎక్కడుంది? మొహం ఎటు తిరిగి ఉంది? నిలబడ్డాడా, కూర్చున్నాడా? ఏదో ఒకటి తేల్చుకోకుండా ఒక్క గీత కూడా పడదు. తేల్చుకోవాలంటే పుస్తకం మళ్ళీ తెరవాలి. మా తరగతిలో జరిగింది అదే, అందుకే మీకు రాస్తున్నాను.

మేం తీసుకున్న దృశ్యం సునీతుడిది. కథ మీకు తెలిసిందే అయినా ఒకసారి గుర్తుచేస్తాను. రాజగృహంలో సునీతుడు వీధులు ఊడ్చేవాడు. ఇళ్ళవాళ్ళు బయట పారేసిన చెత్తను కుప్పలు చేసి, తట్టలకెత్తి, కావడి మీద మోసుకుపోయేవాడు. తరతరాలుగా ఆ ఇంటికి అంటగట్టిన పని అది. ఒకరోజు పొద్దున్నే బుద్ధ భగవానుడు భిక్ఖు సంఘంతో భిక్షకు అదే వీధిలోకి వచ్చాడు. సునీతుడు చూశాడు. సంతోషం, దాంతోపాటు బెదురు. పక్కకు తప్పుకోవడానికి దారి లేదు. కావడిని గోడ మలుపులో ఆనించి, తాను గోడకు అతుక్కుపోయినట్టు నిలబడి చేతులు జోడించాడు. భగవానుడు అతని దగ్గరకు వచ్చి, ఈ బతుకు నీకెందుకు, ఇల్లు విడిచి సంఘంలోకి రాగలవా అని అడిగాడు. సునీతుడు వస్తానన్నాడు. రమ్మని పిలిచిన ఆ మాటే అతనికి ఉపసంపద అయింది.

'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ ఈ కథను ఒంటరిగా పెట్టలేదు. నీచులని లోకం తోసేసిన వాళ్ళ దీక్షల వరుసలో, మంగలి ఉపాలి, సోపాకుడు, సుప్పియుడు, సుమంగలుడు, కుష్ఠరోగి సుప్రబుద్ధుడితో కలిపి పెట్టాడు. ఆ వరుస ఒక్కసారి మొత్తం చదవండి. మహాపరినిబ్బాణం తర్వాత 1957లో అచ్చయిన ఆ పుస్తకంలో అంతకుముందటి ఏడాది అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్న లక్షలాది మంది తమ పూర్వీకులను వెతుక్కునే చోటు అదే.

ఇక బొమ్మలకొద్దాం. పిల్లలను మూడు జట్లు చేసి తలా ఒక బోర్డు ఇచ్చాం. గంట టైము.

మొదటి జట్టు బుద్ధుణ్ణి బోర్డు నిండా గీసింది. తల వెనుక పెద్ద వలయం, ఎత్తిన చెయ్యి, సగం మూసిన కళ్ళు. కింద మూలలో గుప్పెడంత సునీతుడు, మోకాళ్ళ మీద, మొహం నేలకేసి. బాగా గీశారు, అబద్ధం చెప్పను. కానీ దూరం నుంచి చూస్తే కేలండర్‌లో దేవుడి బొమ్మలా ఉంది. ముందు ఒక అగరుబత్తి గుచ్చితే సరిపోయేది.

రెండో జట్టులో ఒక డిగ్రీ కుర్రాడు ఉన్నాడు, కథ చివరిదాకా చదివి వచ్చాడు. థేరగాథలో సునీతుడికి బోధ కలిగాక ఇంద్రుడూ బ్రహ్మా వచ్చి అతనికి చేతులు జోడిస్తారు, అది చూసి భగవానుడు చిరునవ్వు నవ్వుతాడు. వీళ్ళు ఆ దృశ్యం గీశారు. టీవీ సీరియల్ కిరీటాలు, భుజకీర్తులు, అన్నీ పెట్టి ఇద్దరు దేవుళ్ళను ఒక పాకీవాడి ముందు నిలబెట్టారు. హాలంతా ఒకటే నవ్వు. ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేసిన మనకు ఇంద్రుడితో పని లేదు గానీ, లోకం అందరికంటే పైన పెట్టిన వాళ్ళ చేత అందరికంటే కింద పెట్టిన వాడికి దండం పెట్టించిన గాథ అంటే మనకూ ఇష్టమే కదా.

మూడో బోర్డు మీద ఒక్క మనిషే ఉన్నాడు. నిటారుగా నిలబడ్డాడు, చొక్కా వేసుకున్నాడు, తల నున్నగా దువ్వుకున్నాడు. ఇతనెవరురా అని అడిగాను. సునీతుడన్నాడు గీసిన అబ్బాయి. మరి చీపురేది, కావడేది అన్నాను. అబ్బాయి తల దించుకున్నాడు. ఆ అబ్బాయి వాళ్ళమ్మ మునిసిపాలిటీలో కాంట్రాక్టు కింద రోడ్లు ఊడుస్తుంది. హాల్లో అందరికీ తెలుసు. ఆ ప్రశ్న అందరి ముందూ అడగాల్సింది కాదు. నోరు జారాక తెలిసింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి థేరగాథ తెరిచాను. మిత్రులారా, ఇక్కడ కొంచెం ఆగాలి. థేరగాథ ఖుద్దక నికాయంలో ఉన్న పుస్తకం. భిక్ఖువులు తమ గురించి తాము చెప్పుకున్నట్టుగా కూర్చిన గాథలు. భిక్ఖునులవి థేరీగాథలో ఉన్నాయి. సునీతుడి పేర పన్నెండు గాథలున్నాయి. అంటే మనం ఇందాక చెప్పుకున్న కథ ఎవరో అతని గురించి చెప్పింది, ఈ పన్నెండు గాథలు అతని నోటి మాటలుగా వచ్చినవి. తన పుట్టుక గురించి, పని గురించి, పస్తుల గురించి వీధులు ఊడ్చిన మనిషి నేను, నా అని చెప్పుకున్న సాహిత్యం రెండు వేల ఏళ్ళకు పైగా నిలిచి ఉంది. మన వాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ప్రాచీన సాహిత్యం అనగానే మనకు రాజులూ రథాలే గుర్తొచ్చేలా బడిలో నూరిపోశారు.

ఆ గాథల్లో సునీతుడు చుట్టు తిప్పకుండా మొదలుపెడతాడు. తక్కువ కులంలో పుట్టానంటాడు. పేదవాణ్ణి, తిండి చాలేది కాదంటాడు. చేసే పని నీచమైనదంటాడు. ఏం పని అది? పాళీలో పుప్ఫఛడ్డకుడు. మాటకు అర్థం చూస్తే వాడిన పూలు ఎత్తి పారేసేవాడు. ఎంత ముద్దుగా ఉందో చూడండి పేరు! చెత్త, కుళ్ళు, కంపు మోసే మనిషికి పూల పేరు. ఆ పేరు ఎవరు పెట్టారోగానీ అలవాటు మాత్రం ఇంకా పోలేదు. మనకూ ఒకప్పుడు దేవుడి బిడ్డలన్న పేరు పెట్టారు. పేరు తియ్యగా ఉంది, పని అదే ఉంది, ఎత్తాల్సిన చేతులూ అవే ఉన్నాయి. సునీతుడు ఆ పూల పేరు చెప్పి ఊరుకోలేదు. పక్కనే, అది నీచమైన పని అని కూడా చెప్పాడు. జనం తనను అసహ్యించుకునేవారనీ, తిట్టేవారనీ, తాను మనసు చంపుకుని కనబడ్డ ప్రతివాడికీ వంగి దండాలు పెట్టేవాణ్ణనీ చెప్పాడు.

ఆ తర్వాతి మాటలే మన బొమ్మకు ఆయువుపట్టు. భిక్ఖు సంఘంతో బుద్ధుడు మగధ రాజధానిలోకి రావడం చూశాడు. కావడి కింద పడేశాడు. నమస్కరించడానికి తానే దగ్గరకు నడిచాడు. అతని మీద కరుణతో భగవానుడు ఆగి నిలబడ్డాడు. సునీతుడు పాదాలకు మొక్కి, లేచి, ఒక పక్కన నిలబడి, నాకు పబ్బజ్జ ఇవ్వమని అడిగాడు.

రెండు కథనాలూ పక్కపక్కన పెట్టి చూడండి. గోడకు అతుక్కుని నిలబడింది తర్వాతి కాలంలో ధమ్మపాలుడు రాసిన అట్ఠకథలోది. బాబాసాహెబ్ కథనంలోనూ అదే ఉంది. అక్కడ భగవానుడు ముందుగా అడుగుతాడు. గాథల్లో సునీతుడు ముందుగా అడుగుతాడు. ఏది నిజం అని వాదించుకోవాల్సిన పని లేదు. బెదిరి గోడకు ఒదిగిన మనిషే రెండు క్షణాల తర్వాత అడుగు ముందుకు వేసి ఉండొచ్చు, మన ఇళ్ళల్లో ఈ రెండూ ఒకే మనిషిలో చూస్తూనే ఉంటాం. కానీ ఒక్క విషయంలో రెండు కథనాలదీ ఒకే మాట. కావడిని దించింది సునీతుడు. బుద్ధుడు వచ్చి అతని భుజం మీది నుంచి ఎత్తి పక్కన పెట్టలేదు. భగవానుడు మార్గదాత, మోక్షదాత కాదు అని బాబాసాహెబ్ పదేపదే రాశాడు కదా. ఆ మాటను బొమ్మగా గీస్తే ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, నేల మీద పడి ఉన్న కావడిని చూపించండి.

మొక్కాడు కదా, మరి వంగినట్టు గీస్తే తప్పేంటి అని మా మొదటి జట్టు పిల్లలు అడిగారు. మంచి ప్రశ్న. వంగాడు, దాచాల్సిన పనేమీ లేదు. అయితే అంతకుముందు కనబడ్డ ప్రతివాడికీ వంగింది భయంతో. ఇక్కడ వంగింది ఇష్టంతో. వంగి అలాగే ఉండిపోలేదు, లేచి నిలబడి అడిగాడు. మోకాళ్ళ మీద ఉన్నప్పుడే బొమ్మ ఆపేస్తే సగం గాథ దగ్గర పుస్తకం మూసేసినట్టే. అందుకే మేం గీయాల్సిన క్షణం మార్చుకున్నాం. కావడి దింపాడు, బుద్ధుడు ఆగాడు, సునీతుడు నిలబడ్డాడు, ఇంకా నోరు తెరవలేదు. ఆ క్షణం.

దాన్ని ఎలా గీశామో చెబుతాను, మీరూ ప్రయత్నించండి. చిత్రకళ వచ్చి ఉండక్కర్లేదు.

కాగితం మీద పెన్సిల్‌తో నీడలు గీస్తాం. నల్లబల్ల మీద అంతా తిరగబడుతుంది, చీకటి ముందే ఉంటుంది, మనం గీసేది వెలుగును. తెల్లవారుజాము దృశ్యానికి ఇంతకంటే అనువైనది లేదు. సుద్దముక్కను నిలువుగా పట్టుకుంటే సన్నని గీత వస్తుంది. అడ్డంగా పడుకోబెట్టి ఈడిస్తే వెడల్పాటి పొడిబారిన తెలుపు వస్తుంది. గోడకు ఇది వాడండి. బీహార్‌లో ఇప్పటి రాజ్‌గీర్ చుట్టూ కొండల మీద పాత కోటగోడ మిగిలి ఉంది, సున్నం లేకుండా పెద్దపెద్ద బండలు పేర్చిన గోడ. మేం ఆ బండలను తలచుకుని ఇటుకలకు బదులు రాళ్ళు గీశాం. వేలితో రుద్దితే తెలుపు పొగలా పరుచుకుంటుంది. తడిగుడ్డ మొనతో తుడిస్తే తెలుపు మధ్యలో నల్లగీత వస్తుంది, బట్టల మడతలకు, పక్కటెముకలకు అది బాగా కుదురుతుంది. సుద్దముక్కల్ని చక్కెర నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి గీస్తే రంగు చిక్కగా పడుతుంది, పొడి కూడా అంతగా రాలదు.

బుద్ధుడి మొహం దగ్గర అందరం తడబడతాం. మొహం సరిగా రాకపోతే నవ్వులాటవుతుంది, వస్తే కేలండరవుతుంది. దీనికి దారి మన అమరావతి శిల్పులు చూపించారు. అక్కడి తొలికాలపు పలకల మీద భగవానుడు మనిషి రూపంలో కనిపించడు. ఆయన ఉండాల్సిన చోట బోధి వృక్షం, ఖాళీ ఆసనం, పాదముద్రలు ఉంటాయి. జనం ఆ పాదాల చుట్టూ కూర్చుని ఉంటారు. ఆ పలకల్లో చాలా భాగం ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి. మన నేల మీద చెక్కిన బొమ్మల్ని మన పిల్లలు ఫోన్‌లో చూసుకోవాల్సి వచ్చింది, సరే, అది వేరే పాఠం.

మేమూ పాదాలే గీశాం. బోర్డు కుడివైపు మోకాళ్ళ కింది నుంచి, చీవరం అంచు, రెండు పాదాలు. ఆ పాదాలు నడుస్తున్నట్టు కాక ఆగినట్టు కనిపించాలి. ఎలా? నడిచే మనిషి వెనక మడమ లేచి ఉంటుంది. ఆగిన మనిషి రెండు మడమలూ నేలకు ఆనతాయి, పాదాలు పక్కపక్కకు వస్తాయి. వేళ్ళను దారి పొడవునా కాక గోడ వైపుకు, అంటే సునీతుడి వైపుకు తిప్పండి. వెనక వచ్చే భిక్ఖువుల పాదాలను మాత్రం అడుగు తీస్తున్నట్టే ఉంచండి, ముందాయన ఆగినట్టు వాళ్ళకింకా తెలియదు. ఈ చిన్న తేడా పడగానే బోర్డు మీది బొమ్మ కథ చెప్పడం మొదలుపెడుతుంది. రాజగృహం వీధిలో సునీతుణ్ణి చూసి పక్కకు తప్పుకున్న పాదాలు ఎన్ని ఉండి ఉంటాయి! ఆగినవి ఇవి.

ఇంకొక జాగ్రత్త. తలకు వలయం ఎలాగూ లేదు కాబట్టి, తెల్లసుద్దను ఇద్దరికీ సమంగా ఖర్చుపెట్టండి. పాదాల మీద ఎంత వెలుగు పడిందో సునీతుడి మొహం మీదా అంతే పడాలి. రంగు సుద్ద ఒక్కచోటే వాడాం. దించిన తట్టలో పసుపు చుక్కలు, వాడిన బంతిపూలలాగా.

అంతా అయ్యింది. సునీతుడి చేతుల దగ్గరా భుజాల దగ్గరా ఎంత తుడిచి గీసినా కుదరలేదు. కావడి దించిన మనిషిలా లేడు, ఫోటో కోసం నిలబడినట్టు ఉన్నాడు.

మరుసటి ఆదివారం ఆ అబ్బాయి వాళ్ళమ్మ వచ్చింది. నాకంటే పెద్దది, అక్కా అనే పిలుస్తాను. వందన అయ్యేదాకా వెనక కూర్చుని, తర్వాత నా దగ్గరకు వచ్చింది.

"తమ్ముడూ, నేను పొద్దున్నే నాలుగింటికి లేచి చీపురు పట్టుకునేది వాడు పట్టుకోకూడదనే. ధమ్మంలోకి వచ్చింది కూడా అందుకే. ఇక్కడికొచ్చినా చీపురేనా?"

నా దగ్గర జవాబు లేదు. శ్రమ గౌరవం అని ఏదో ఒకటి అనబోయి ఆగాను. ఆ మాట మనకు చెప్పినవాళ్ళెవరో గుర్తొచ్చింది. పాకీ పని పవిత్రమైన సేవ, తరతరాలూ చేసుకోండి అని పొగిడినవాళ్ళను బాబాసాహెబ్ 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో ఎంత గట్టిగా నిలదీశాడో చదివినవాళ్ళకు తెలుసు. 1927 మార్చిలో మహద్ సభలో మన వాళ్ళతో చచ్చిన పశువుల మాంసం మానెయ్యమనీ, ఎంగిలి ముక్కలకు చెయ్యి చాపవద్దనీ చెప్పినవాడు ఆయన. చీపురును దాచడం ఒక తప్పయితే చీపురుకు దండ వెయ్యడం అంతకంటే పెద్ద తప్పు. ఈ రెండింటి మధ్య ఏం చెయ్యాలో నాకు ఆ నిమిషంలో తోచలేదు.

అందుకని పుస్తకం తీసి, సునీతుడి గాథల భావం మొదటి నుంచి ఆమెకు చదివి వినిపించాను. నీచమైన పని అన్నది ఎవరు, ఆయనేనా అని అడిగింది. ఆయనే అన్నాను. బిక్షువు అయ్యాక చెప్పాడా, అవకముందా? అయ్యాక, పెద్ద థేరుడయ్యాక అన్నాను. దాచుకోలేదన్నమాట అని, కాసేపు ఊరుకుంది.

తర్వాత బోర్డు వైపు చూసి, "ఆ భుజం అట్లా ఉండదు" అంది. వాళ్ళ నాయన కావడి మోశాడట. దించేటప్పుడు నడుము వంచరు, మోకాళ్ళు వంచుతారు, ముందు ఒక తట్ట నేలకు ఆనుతుంది, తర్వాత రెండోది. బరువు దించాక కూడా ఆ భుజం కాసేపు ఎత్తుగానే ఉండిపోతుంది, చెయ్యి దానంతటదే పైకి పోయి కావడిబద్ద కోసం తడుముతుంది. ఇదంతా నోటితో చెప్పలేదు, లేచి చేసి చూపించింది. మా డిగ్రీ కుర్రాడు గబగబా తుడిచి మళ్ళీ గీశాడు. కుడి భుజం ఎడమదాని కంటే బెత్తెడు పైకి, కుడిచెయ్యి సగం లేచి గాల్లో ఆగిపోయి, మొహం మాత్రం తిన్నగా. అప్పటికి సునీతుడు వచ్చాడు బోర్డు మీదికి.

వెళ్ళేటప్పుడు నాతో, "బొమ్మలో చీపురు ఉండనియ్యి తమ్ముడూ. మా వాడి చేత మాత్రం గీయించకు" అంది. సరే అక్కా అన్నాను. ఆ మాట నిలబెట్టుకుంటున్నాను. మీ తరగతుల్లోనూ గుర్తుంచుకోండి. ఎవరి ఇంట్లో ఇప్పటికీ ఆ పని ఉందో ఆ పిల్లల చేత చీపురు గీయించకండి, అందరి ముందూ ప్రశ్నలు వెయ్యకండి. సునీతుడు తన సంగతి చెప్పుకున్నది తనకు చెప్పాలనిపించినప్పుడు.

తరగతిలో ఒక పెద్దాయన ఇంకో ప్రశ్న వేశాడు, అది మీ దగ్గరా వస్తుంది కాబట్టి రాస్తున్నాను. ఇంత గొప్పవాడు కావాల్సినవాడు అసలు ఆ ఇంట ఎందుకు పుట్టాడు? అట్ఠకథ దీనికి ఒక కారణం చెబుతుంది. పూర్వజన్మలో ఒక పచ్చేక బుద్ధుణ్ణి తూలనాడాడట, అందుకే అలా పుట్టాడట. బాబాసాహెబ్ సునీతుడి కథ చెప్పినప్పుడు ఈ ముక్కను తీసుకోలేదు. తరతరాలుగా వచ్చిన నీచమైన పని అని మాత్రమే రాశాడు. అది మరపు కాదు. పోయిన జన్మ పాపం వల్లే ఈ పుట్టుక అనేది బుద్ధుడి బోధ కాదనీ, పేదలనూ అణగారినవాళ్ళనూ వాళ్ళ గతికి వాళ్ళనే బాధ్యుల్ని చేసే ఎత్తు అనీ అదే పుస్తకంలో కర్మ గురించి రాసిన భాగంలో వివరించాడు. గాథల్లో సునీతుడు కూడా తన పుట్టుకకు పాపాన్ని కారణంగా చూపలేదు. పుట్టానన్నాడు, అంతే. పాత పుస్తకం చదివేటప్పుడు ఏది ఎవరి మాటో వేరుచేసి చూడడం మనం నేర్చుకోవాలి, పిల్లలకూ నేర్పాలి. మన పుస్తకం అని కళ్ళు మూసుకుని నెత్తిన పెట్టుకోమని కాలామసుత్తం ఎక్కడా చెప్పలేదు కదా.

ఇక దించిన కావడి సంగతి. మన దేశంలో మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, మురుగుకాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలంది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ 2014 తీర్పు వచ్చింది సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో. దాన్ని నడిపించినవారిలో ఒకరైన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర సఫాయి కుటుంబంలోనే పుట్టాడు, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నాడు. చట్టం ఉంది, తీర్పు ఉంది, మ్యాన్‌హోళ్ళలోకి మనుషులు దిగుతూనే ఉన్నారు. మీ ఊళ్ళో ఎవరైనా అలా దిగాల్సి వస్తుంటే, చనిపోయినవారి ఇంటికి ఆ డబ్బు అందకపోతే, దరఖాస్తు రాసిపెట్టడం ఈ తరగతిలో కూర్చున్న చదువుకున్నవాళ్ళ పని. పున్నమి వందనకు వచ్చినప్పుడే ఒక కాగితం, పెన్ను తెచ్చుకోండి.

కావడి దించడంతో గాథలు అయిపోలేదు, అది కూడా పిల్లలకు చెప్పండి. తర్వాత సునీతుడు అడవిలో ఒంటరిగా ఉండి, శాస్త చెప్పిన మాట చెప్పినట్టు సాధన చేశాడు. రాత్రి మూడు జాములూ కూర్చుని, చివరి జాములో చీకటిని చీల్చాడు. ఆ తర్వాతే ఇంద్రుడూ బ్రహ్మా వచ్చి చేతులు జోడించింది. అప్పుడు భగవానుడు అన్నదాని సారం ఏమంటే, బ్రాహ్మణుడు అనే మాటకు అర్హత పుట్టుకతో రాదు, తపస్సుతో, బ్రహ్మచర్యంతో, సంయమంతో, దమంతో వస్తుంది. వీధి ఊడ్చిన మనిషిని ముందు నిలబెట్టి ఆ మాటకు అర్థం మార్చేశాడు. మన శీల సాధన, రోజూ పావుగంట ఆనాపానసతి, పిల్లల చదువు, ఇవి వదిలేసి దీక్ష ఫోటో గోడకు తగిలించుకుంటే సునీతుడి కథలో మనం గోడ మలుపు దగ్గరే ఆగిపోయినట్టు.

మా బోర్డు మీది బొమ్మ ఐదు రోజులుంది. గురువారం ట్యూషన్ పంతులమ్మ లెక్కల కోసం తుడిచేసింది. పిల్లలు గొడవపెట్టారు గానీ నేను ఆమెనేమీ అనలేదు, ఎక్కాలు కూడా కావాలి కదా. ఫోన్‌లో ఫోటో ఉంది, అయినా మీకు పంపను. చూసి గీస్తే మా సునీతుడే వస్తాడు. మీ పేటలో కావడి మోసిన పెద్దలెవరైనా మిగిలి ఉంటే వాళ్ళను పిలిచి, భుజం ఎలా ఉంటుందో చూపించమనండి.

వచ్చే పున్నమికి ప్రకృతి కథ. బావి దగ్గర చండాలిక, నీళ్ళడిగిన ఆనందుడు. బాబాసాహెబ్ పుస్తకంలో స్త్రీల దీక్షల భాగం చదువుకుని రండి. బొమ్మ గీసే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆనందుడు నీళ్ళడిగిన ఆ క్షణంలో కుండ ఆమె చంకన ఉందా, బావి గట్టు మీద ఉందా?

జై భీమ్.